ఆరంగుళాలా, ఎనిమిదంగుళాలా?

విశాఖలో పెద్ద యంత్రాలకు కొదవ లేదు. 1933లో ఓడరేవు తెరుచుకుంది. 1941లో సింధియా కంపెనీ ఓడల కార్ఖానాకు పునాది పడింది. అక్కడ తయారైన ‘జల ఉష’ 1948లో నీళ్ళలోకి దిగింది. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. అయితే చెరకు రసం మిషన్‌లో పళ్ళు అరిగిన చక్రాన్నో, చేపల పడవ ఇంజనుకి విరిగిన కప్లింగ్‌నో ఈ కర్మాగారాలు బాగుచెయ్యవు. ఆ పని చేసేవి ఒక లేత్, ఒక చిన్న మిల్లింగ్ మిషన్ పెట్టుకుని బతికే షెడ్లు. ఊరికి అవి ఎంత అవసరమో, ఏదైనా ఆగిపోయిన రోజున తెలుస్తుంది.

అలాంటి షెడ్డు నడుపుతున్న ఒక కుర్రాడికి రోటరీ టేబుల్ కావాలి. మిల్లింగ్ మిషన్ బల్ల మీద బిగించుకునే గుండ్రటి బల్ల ఇది. పక్కనున్న చేతిచక్రం తిప్పితే లోపలి వర్మ్ అనే మర తన చక్రం పళ్ళను నెడుతుంది, పైన బిగించిన జాబ్ కొలత ప్రకారం తిరుగుతుంది. పళ్ళ చక్రాలు కొయ్యాలన్నా, వంపు గాళ్ళు తియ్యాలన్నా ఇదే దిక్కు. పూర్ణా మార్కెట్ పక్క వీధిలో ఒక హార్డ్‌వేర్ దుకాణం షావుకారు, “సరుకు ఇక్కడ ఉండదు బాబూ, సైజు తేల్చి చెప్పండి, ఆర్డర్ పెడతాను” అన్నాడు. ఆ సైజు దగ్గరే మేనల్లుడికీ, పెద్ద మెషిన్ షాపులో పనిచేసి రిటైరైన మేనమామకీ పేచీ వచ్చింది.

మావయ్య: ఆలోచించడానికేముంది? ఎనిమిదంగుళాలది చెప్పు. ఇలాంటి సరుకు జీవితంలో ఒక్కసారే కొంటాం. చిన్నది కొని తర్వాత బాధపడే కన్నా, పెద్దది కొని సుఖంగా ఉండటం మేలు.

మేనల్లుడు: నాకు ఆరంగుళాలది చాలు మావయ్యా. పెద్దది కొంటే సుఖం ఉంటుందని నువ్వు అనుకుంటున్నావు. నా మిషన్‌కి అది కష్టమే.

మావయ్య: కష్టం ఎలాగవుతుందిరా? ఎనిమిదంగుళాల మీద చిన్న జాబ్ పెట్టొచ్చు, పెద్ద జాబూ పెట్టొచ్చు. ఆరు మీద పెద్దది పెట్టలేవు. నూట ఇరవై మిల్లీమీటర్ల జాబ్ వచ్చిందనుకో. నూటయాభై టేబుల్ మీద దాని చుట్టూ పదిహేనే మిగులుతుంది. క్లాంపు ఎక్కడ బిగిస్తావు? బోల్టు తల దించడానికైనా చోటుండొద్దా?

మేనల్లుడు: అడ్డంగా చోటు చాలదన్న మాట నిజమే. కానీ నువ్వు టేబుల్‌ని పైనుంచి చూస్తున్నావు. నాకు ఇబ్బంది పక్కనుంచి ఉంది, ఎత్తులో. నా మిషన్‌లో స్పిండిల్ మూతి నుంచి బల్ల దాకా, తల పూర్తిగా పైకెత్తితే నాలుగొందల మిల్లీమీటర్లు. అంతకన్నా ఒక్క మిల్లీమీటరు కూడా రాదు.

మావయ్య: నాలుగొందలంటే తక్కువేం కాదు.

మేనల్లుడు: ఇక్కడే చూద్దాం. షావుకారుగారూ, ఆ స్టీలు స్కేలు ఒకసారి ఇవ్వండి. ఇదిగో మావయ్యా, కౌంటర్ మీద నిలబెట్టాను. కేటలాగులో ఎనిమిదంగుళాల టేబుల్ ఎత్తు వంద. స్క్రూల పెట్టెలు ఇంత ఎత్తు పేరుస్తున్నాను. దాని మీద నూట ఇరవై అయిదు మిల్లీమీటర్ల మూడు దవడల చక్, కింద ప్లేటుతో కలిపి తొంభై అయిదు. ఈ పెయింటు డబ్బా ఎత్తు సరిపోతుంది. దాని మీద నలభై మిల్లీమీటర్ల మందం జాబ్. ఇప్పుడు పైనుంచి కిందికి రా. డ్రిల్ చక్ తొంభై అయిదు, డ్రిల్ బయటికి ఎనభై. కలుపు.

మావయ్య: నాలుగొందల పది.

మేనల్లుడు: డ్రిల్ మొన జాబ్‌కి తగిలే దగ్గరికే నాలుగొందల పది. అంటే జాబ్ లోపలికే పెట్టలేను. ఇప్పుడు ఆరంగుళాలది. టేబుల్ ఎనభై, వంద మిల్లీమీటర్ల చక్ ప్లేటుతో కలిపి ఎనభై, జాబ్ అదే నలభై, పైన అదే నూట డెబ్భై అయిదు. మొత్తం మూడొందల డెబ్భై అయిదు. పాతిక మిల్లీమీటర్లు మిగిలింది. ఆ పాతికలోనే నా పని జరగాలి. ఎనిమిది కొంటే అది గుమ్మంలో పట్టని బీరువా కొన్నట్టే.

మావయ్య: నువ్వు పొడుగు డ్రిల్ పెట్టుకుని ఎత్తు లేదంటావు. పొట్టి డ్రిల్ వాడు, బయటికి నలభై అయిదు చాలు. ఎనిమిదితోనూ మూడొందల డెబ్భై అయిదుకే దిగుతావు. ఎండ్ మిల్ అయితే ఇంకా తేలిక. కాలెట్‌తో కలిపి వంద దాటదు. పైగా ప్రతి జాబుకీ చక్ ఎందుకు? టేబుల్ మీదే నేరుగా బిగించు. తొంభై అయిదు మిల్లీమీటర్లు ఒక్కసారే మిగిలిపోతాయి. పెద్ద టేబుల్ సుఖం అక్కడే. చక్ లేకుండా బిగించేంత జాగా ఇస్తుంది.

మేనల్లుడు: అది ఒప్పుకుంటాను. పలకలాంటి జాబ్‌కి ఎనిమిదే హాయి. కానీ నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ గుండ్రటివి, చక్‌లో పట్టాల్సినవి. చెరకు మిషన్ చక్రాలు, పంపు కప్లింగులు, బుష్‌లు. అరవై నుంచి నూట ఇరవై మిల్లీమీటర్ల లోపే ఉంటాయి.

మావయ్య: మరి పడవ కప్లింగ్ ఫ్లాంజ్‌లు? నూట ఎనభై మిల్లీమీటర్లవి కూడా వస్తాయన్నావు. వాటికి ఆరు బోల్టు రంధ్రాలు సమానంగా వెయ్యాలంటే ఏం చేస్తావు? నూటయాభై టేబుల్ మీద నూట ఎనభై ఫ్లాంజ్ అంచు గాల్లో వేలాడుతుంది.

మేనల్లుడు: ఆ రంధ్రాలకి అసలు రోటరీ టేబులే అక్కర్లేదు మావయ్యా. బోల్టుల వలయం వ్యాసం నూట నలభై అనుకో. వ్యాసార్ధం డెబ్భై. మొదటి రంధ్రం మధ్య నుంచి కుడికి డెబ్భై. రెండోది కుడికి ముప్పై అయిదు, ముందుకి అరవై పాయింట్ ఆరు రెండు. మూడోది ఎడమకి ముప్పై అయిదు, ముందుకి అంతే. ఇలా ఆరింటికీ లెక్క కట్టి, బల్ల రెండు చేతిచక్రాలతో ఆ చోటుకి నడిపిస్తాను. అడ్డంగా నూట ఇరవై ఒకటి పాయింట్ రెండు నడవాలి. నా బల్ల నూట డెబ్భై అయిదు నడుస్తుంది. ఫ్లాంజ్‌ని బల్ల మీదే బిగిస్తే కదలదు, ఎత్తూ మిగులుతుంది.

మావయ్య: ఊఁ. చేతిచక్రాల బ్యాక్‌లాష్ చూసుకుని, ఎప్పుడూ ఒకే వైపు నుంచి వస్తే రంధ్రాలు సరిగ్గానే పడతాయి. సరే, ఫ్లాంజ్ వదిలేద్దాం. మరి వంపు గాడి? పడవ ఇంజను ఆల్టర్నేటర్‌కి బెల్టు బిగువు సర్దే పట్టీ ఉంటుంది చూడు. దానికి నూటపది వ్యాసార్ధంలో పొడుగాటి వంపు గాడి తియ్యాలి. దాన్ని లెక్కలతో నడిపిస్తావా?

మేనల్లుడు: ఆ పని రోటరీ టేబుల్‌తోనే.

మావయ్య: ఆరంగుళాల టేబుల్ అంచు డెబ్భై అయిదు దగ్గరే అయిపోతుంది. గాడి అక్కడి నుంచి ముప్పై అయిదు మిల్లీమీటర్లు బయట. కింద ఆసరా లేని చోట కట్టర్ కోస్తే పట్టీ వణుకుతుంది, గాడి గోడలు గరుకు తేలతాయి. ఎనిమిదిలో అంచు వంద దాకా ఉంది. అక్కడ కాస్త తక్కువైనా ఆసరా ఉన్నట్టే.

మేనల్లుడు: ఇందులో నీదే పైచెయ్యి. దానికి నేను ఆలోచించింది పన్నెండు మిల్లీమీటర్ల అల్యూమినియం పలక. రెండొందల ఇరవై చదరం కోసి, ఆరంగుళాల టేబుల్ మీద బోల్టులతో దించి, దానికి ఎనిమిది మిల్లీమీటర్ల మరలు వరసలుగా వేసి ఉంచుతాను. గాడి పలక మూల వైపు పడేలా పట్టీని దాని మీద బిగిస్తాను. గాడి కింద ఆసరా వస్తుంది, క్లాంపుకి చోటూ వస్తుంది. చక్ ఉండదు కాబట్టి ఎత్తు సమస్య రాదు. కట్టర్ పలకని కాస్త గీకినా, టేబుల్‌కి గాయం కాదు.

మావయ్య: పలక వేస్తావు సరే. బలం? కట్టర్ తోపు నూటపది దగ్గర పడుతుంది. ఆ మెలి అంతా చిన్న వర్మ్ పళ్ళ మీదికే వస్తుంది. పెద్ద టేబుల్‌లో వర్మ్ చక్రం పెద్దది, లాక్ గట్టిది.

మేనల్లుడు: నా మోటారు ఒక హార్స్‌పవర్. ఎనిమిదంగుళాల టేబుల్ తట్టుకోగల కోత నా స్పిండిల్ కొయ్యలేదు. అందుకే గాడిని ఒకటిన్నర మిల్లీమీటరు చొప్పున దించుకుంటూ వస్తాను. కట్టర్ లాగేసే వైపు కాకుండా, ఎదురు నెట్టే వైపు తిప్పుతాను. పళ్ళ చక్రం కోసేటప్పుడైతే ప్రతి పన్నుకీ టేబుల్ లాక్ చేస్తాను, కాబట్టి అప్పుడు వర్మ్ మీద ఏమీ పడదు.

మావయ్య: ఎదురు తిప్పాలన్నది మాత్రం మర్చిపోకు. రోటరీ టేబుల్ మీద కట్టర్ లాగే వైపు తిప్పితే వర్మ్‌లో ఉన్న లూజంతా ఒక్కసారి జారుతుంది. కట్టర్ విరుగుతుంది, జాబ్ పోతుంది. అది ఏ సైజుకైనా ఒకటే. సరే, నాది ఇంకో వాదన. సైజు పెరిగితే కోణం కచ్చితం పెరుగుతుంది. ఇంగ్లండులో జెస్సీ రామ్స్‌డెన్ ఓడల సెక్స్‌టెంట్ల మీద డిగ్రీ గీతలు గియ్యడానికి యంత్రం చేశాడు. మొదట చిన్నది చేసి, అది చాలక నలభై అయిదు అంగుళాల చక్రంతో రెండోది కట్టాడు. దాని వివరం 1777లో అచ్చయింది. అంచున 2160 పళ్ళు. మర ఒక చుట్టు తిప్పితే చక్రం కదిలేది డిగ్రీలో ఆరో వంతు. అంత పెద్ద చక్రం ఎందుకు? పన్ను కోతలో వచ్చే వెంట్రుకవాసి తప్పు, అంచు దూరమైన కొద్దీ కోణంలో చిన్నదైపోతుంది కాబట్టి. ఎనిమిదికీ ఆరుకీ మధ్య ఉన్నదీ అదే న్యాయం.

మేనల్లుడు: న్యాయం సరైనదే. కానీ ఆయన చేసింది సముద్రంలో దారి చూపే పరికరం. అక్కడ కోణంలో చిన్న తప్పు మైళ్ళ దూరం అవుతుంది. నా చక్రం అంచు మధ్య నుంచి నలభై అయిదు మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడ ఒక నిమిషం కోణం తప్పితే పన్ను పక్కకి జరిగేది మిల్లీమీటరులో వెయ్యింట పదమూడు వంతులు. చెరకు రసం మిషన్‌కి అది తప్పే కాదు. అదే వంద మిల్లీమీటర్ల దగ్గర అయితే రెండింతల పైన, వెయ్యింట ఇరవై తొమ్మిది. చిన్న జాబ్‌కి చిన్న టేబుల్ కచ్చితం సరిపోతుంది. పెద్ద జాబ్ పెట్టినవాడికే పెద్ద టేబుల్ కచ్చితం కావాలి.

మావయ్య: బాగానే చదివావు. అయితే ఈ లెక్క చెప్పు. చెరకు మిషన్ చక్రానికి ఎన్ని పళ్ళు?

మేనల్లుడు: మొన్న వచ్చినదానికి ఇరవై ఎనిమిది. మూడు మాడ్యూల్.

మావయ్య: నువ్వు చూపిస్తున్న ఆరంగుళాల టేబుల్ రేషియో ఎంత? ఇదిగో ఇక్కడ, తొంభైకి ఒకటి. అంటే చేతిచక్రం తొంభై చుట్లు తిప్పితే టేబుల్ ఒక చుట్టు. ఒక చుట్టుకి నాలుగు డిగ్రీలు. తొంభైని ఇరవై ఎనిమిదితో భాగించు.

మేనల్లుడు: మూడు చుట్లు, పైన ఇరవై ఎనిమిదింట ఆరు. అంటే పద్నాలుగింట మూడు.

మావయ్య: చేతిచక్రం పిన్ను ఆ ముక్క చుట్టు దగ్గర ఆగాలంటే పద్నాలుగుతో తెగే రంధ్రాల వలయం కావాలి. ఈ ఇండెక్స్ ప్లేట్లు మూడింటిలో ఏమున్నాయి చూడు. మొదటిదాంట్లో పదిహేను నుంచి ఇరవై దాకా. రెండోదాంట్లో ఇరవై ఒకటి, ఇరవై మూడు, ఇరవై ఏడు, ఇరవై తొమ్మిది, ముప్పై ఒకటి, ముప్పై మూడు. మూడోదాంట్లో ముప్పై ఏడు, ముప్పై తొమ్మిది, నలభై ఒకటి, నలభై మూడు, నలభై ఏడు, నలభై తొమ్మిది. పద్నాలుగు లేదు, ఇరవై ఎనిమిది లేదు, నలభై రెండు లేదు. నీకు రోజూ వచ్చే చక్రమే ఈ టేబుల్ మీద ప్లేట్లతో రాదు! అదే అరవైకి ఒకటి అయితే రెండు చుట్లు, పైన ఇరవై ఒకటి వలయంలో మూడు రంధ్రాలు. డెబ్భై రెండుకి ఒకటి అయినా, నలభైకి ఒకటి అయినా ఆ ఇరవై ఒకటి వలయంలోనే పని అయిపోతుంది. ఒక్కో కంపెనీ ఒక్కో రేషియో ఇస్తుంది. నువ్వు సైజు గురించే కొట్లాడావు. రేషియో అడిగావా?

మేనల్లుడు: అడగలేదు. డయల్ మీద డిగ్రీలు చూసి తిప్పుతాను అనుకున్నాను. పన్నుకి పన్నెండు డిగ్రీల యాభై ఒక్క నిమిషాల ఇరవై ఆరు సెకన్లు.

మావయ్య: తిప్పొచ్చు. ఒక్కో పన్నుకీ సున్నా నుంచి లెక్కకట్టి ముందే కాగితం మీద రాసుకుంటే. పన్ను తర్వాత పన్ను కలుపుకుంటూ పోతే తప్పు పేరుకుని చివరి పన్ను దగ్గర బయటపడుతుంది. కరెంటు పోయి వచ్చినా, ఎవరైనా పిలిచినా ఏ అంకె మీద ఉన్నావో మర్చిపోతావు. ప్లేటయితే పిన్ను రంధ్రంలో పడిందా లేదా, అంతే.

మేనల్లుడు: అయితే తొంభై రేషియో వదిలెయ్యాలా?

మావయ్య: అక్కర్లేదు. ఫ్లాంజ్‌కి నువ్వు చెప్పిన లెక్కతోనే ఇరవై ఎనిమిది రంధ్రాల ప్లేటు నువ్వే చేసుకో. యాభై మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో వేస్తే, ఒక రంధ్రం పాయింట్ ఒకటి మిల్లీమీటరు పక్కకి పడిందనుకో. చేతిచక్రం కోణంలో ఆ తప్పు కనబడుతుంది. కానీ వర్మ్ దాన్ని తొంభైతో భాగించేస్తుంది. నీ చక్రం అంచుకి చేరేసరికి అది మిల్లీమీటరులో వెయ్యో వంతు. మూడు చుట్లు, ఆరు రంధ్రాలు, ఇంక జీవితమంతా ఇరవై ఎనిమిది పళ్ళు. రేషియో ఎక్కువైతే చుట్లు ఎక్కువ తిప్పాలి, చెయ్యి నొప్పి. కానీ ప్లేటు తప్పుని మింగేసే గుణం కూడా దానిదే.

మేనల్లుడు: ఇది నేను ఎక్కడా వినలేదు మావయ్యా. అంటే కావలసిన పళ్ళు ముందు రాసుకుని, రేషియో చూసి, లోటున్న ప్లేటు మనమే వేసుకోవాలన్నమాట.

మావయ్య: అవును. ఇంకో రెండు చూసుకో. ఈ టేబుల్ పడుకోబెట్టేదే కాదు, నిలబెట్టేది కూడా అయుండాలి. పళ్ళ చక్రాన్ని మాండ్రెల్ మీద పడుకోబెట్టి కొయ్యాలంటే టేబుల్ నిలబడాలి, రెండో కొసన టెయిల్‌స్టాక్ ఉండాలి. టేబుల్ సెంటర్ ఎత్తూ, టెయిల్‌స్టాక్ ఎత్తూ ఒకటయ్యేలా చూడు. రెండోది, కింద బిగించే చెవులు నీ మిషన్ బల్ల టీ-స్లాట్లకి అందాలి. కింది కీ వెడల్పు పదహారుంటే నీ పన్నెండు మిల్లీమీటర్ల స్లాట్‌లో దిగదు.

మేనల్లుడు: అక్కడ కూడా నాకు ఎనిమిది ఇబ్బందే. నా బల్ల వెడల్పు నూట ఎనభై. రెండొందల టేబుల్ రెండు పక్కలా పది చొప్పున బయటికి పొడుచుకొస్తుంది, దాని అడుగు ఇంకా వెడల్పు. చేతిచక్రం వెనక్కి పెడితే స్తంభానికి తగులుతుంది. ఇంక బరువు. ఎనిమిదంగుళాలది నలభై కిలోల దరిదాపు, చక్‌తో, జాబ్‌తో కలిపి యాభై దగ్గరికి వస్తుంది. నా మిషన్ బల్ల మీద యాభైకి మించి పెట్టొద్దని దాని పుస్తకంలోనే ఉంది. వైస్ తీసి రోటరీ ఎక్కించడం, మళ్ళీ దించడం వారానికి ఎన్నోసార్లు. షెడ్డులో నేను ఒక్కడినే. ఆరంగుళాలది పాతిక కిలోలు, నడుం పట్టెయ్యకుండా ఎత్తుతాను.

మావయ్య: మా షాపులో పైన క్రేను ఉండేది. బటన్ నొక్కితే వచ్చేది. బరువు గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఒక్కడివే ఎత్తుకునేవాడికి అది పెద్ద లెక్కే.

మేనల్లుడు: ఎనిమిదికి ఒక లాభం మాత్రం నేను ఒప్పుకోవాలి. మధ్య రంధ్రం పెద్దది. ఆరుకి నంబర్ రెండు మోర్స్ టేపర్, సన్న షాఫ్టే దూరుతుంది. ఎనిమిదికి నంబర్ మూడు ఉంటుంది కాబట్టి లావు షాఫ్టు దూరుతుంది.

మావయ్య: పొడుగు షాఫ్టు చివర కీవే తియ్యాలంటే దాన్ని పడుకోబెట్టి వీ-బ్లాకుల మీద బిగించొచ్చు. దానికోసం ఎనిమిది అక్కర్లేదు. సరే అల్లుడూ, సైజు మీద నేను వెనక్కి తగ్గుతున్నాను. నీ మిషన్‌కి ఆరే సరి. కానీ కారణం చిన్నదైతే చాలన్నది కాదు. నీ స్పిండిల్ కింద మిగిలేది అంతే కాబట్టి. ఇంకో కుర్రాడు ఎవరైనా ఇదే ప్రశ్న అడిగితే, “ఆరంగుళాలు కొను” అని చెప్పకు. నాలుగు కొలతలు తీసుకుని రమ్మని చెప్పు. తల పైకెత్తితే స్పిండిల్ కింద ఎంత ఎత్తు? బల్ల ఎంత వెడల్పు, ఎంత బరువు మోస్తుంది? రోజూ వచ్చే జాబ్ వ్యాసం ఎంత, పళ్ళెన్ని? ఒక్కడే ఎంత ఎత్తగలడు? టేబుల్ వ్యాసం ఆఖరి ప్రశ్న. ముందు వాటికి జవాబొస్తే అది దానంతటదే తేలుతుంది. పెద్ద మిషన్ ఉన్నవాడికి ఇవే ప్రశ్నలు ఎనిమిదో, పదో చెబుతాయి.

మేనల్లుడు: మరి నిజంగానే నా టేబుల్‌కి మించిన జాబ్ వస్తే? పది అంగుళాల చక్రం, ఇరవై మిల్లీమీటర్ల మందం పలకలో వంపు?

మావయ్య: ఆటోనగర్‌లో పెద్ద మిషన్ ఉన్నవాడి దగ్గరికి పంపు. పోయిందని బాధపడకు. వాడి దగ్గరికి అరవై మిల్లీమీటర్ల చక్రం వస్తే, పెద్ద మిషన్ మీద దానికి సెట్టింగ్ చేసే తీరిక ఉండదు, నీకు పంపుతాడు. ఊళ్ళో మిషన్లన్నీ ఒకే సైజు కాకపోవడం వల్లే పని ఆగకుండా నడుస్తోంది. అన్ని పనులూ నీ ఒక్క మిషన్ మీదే చెయ్యాలనుకుని దానికి మోయలేని సరుకు ఎక్కిస్తే, వచ్చే చిన్న పని కూడా చెడుతుంది.

మేనల్లుడు: షావుకారుగారూ, రాసుకోండి. ఆరంగుళాలది, నిలబెట్టడానికీ పడుకోబెట్టడానికీ వీలుండాలి. టెయిల్‌స్టాక్, మూడు ఇండెక్స్ ప్లేట్లు కలిపి కావాలి. కింద కీ పన్నెండు మిల్లీమీటర్లు. రేషియో ఎంతో, సెంటర్ ఎత్తు ఎంతో కంపెనీ చేత కాగితం మీద రాయించండి. అది చూశాకే అడ్వాన్సు ఇస్తాను.